రెండో కట్టలోని పన్నెండు గొర్రెలు

నేను డాక్టర్ని కాను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. ముప్పై ఏళ్ళ పైచిలుకు నన్ను డాక్టర్ సారూ అని పిలిచినవాళ్ళు ఇప్పటికీ వికారాబాద్ బస్టాండులో ఎదురైతే అలాగే పిలుస్తారు, నేనూ వద్దనను. పశువుల దవాఖానలో సహాయకుణ్ణి నేను. సూదిలో మందు నింపేవాణ్ణి, గొర్రెల నోళ్ళు పట్టి కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపేవాణ్ణి, ఎద్దును పడేసి కాళ్ళు కట్టే చోట అందరికంటే ముందు నిలబడి తన్నులు తినేవాణ్ణి. రిజిస్టరు రాసేవాణ్ణి. కింద సంతకం డాక్టరు గారిది. ఇద్దరిలో ఎవరి పని ఎక్కువంటే చెప్పను. చెబితే గొప్పలు పోతున్నాడంటారు.

ఇల్లు వికారాబాద్‌లో, ఉద్యోగం యాలాల్ వైపు. పొద్దున ప్యాసింజరు ఎక్కి తాండూరులో దిగడం, స్టేషన్ పక్కన పెట్టుకున్న పాత బండి తీసి పల్లెలకు పోవడం. ఆ రైలంటే నాకు ప్రాణం. బడి పంతుళ్ళు, నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల గుమస్తాలు, అవతల కర్ణాటక నుంచి వచ్చి మళ్ళీ తిరిగిపోయే ఆడవాళ్ళు, అందరూ ఒక్క డబ్బాలోనే. నా సంగతి తెలిశాక ప్రయాణం కూడా దవాఖాన అయిపోయింది. ఒకసారి ఒకామె బెంచీ కిందినుంచి మేకపిల్లను లాగి నా ఒళ్ళో పెట్టి కన్నడంలో ఏదో అడిగింది. నాకు వచ్చిన కన్నడం అంతా పశువుల రోగాలకు సంబంధించిందే కాబట్టి చక్కగా అర్థమైంది. దాని కడుపు నొక్కి చూసి, రెండు రోజులు పాలు తగ్గించి తాపమన్నాను. నా ప్యాంటు ఆ రోజంతా మేకవాసన కొట్టింది, డాక్టరు గారు ముక్కు మూసుకుని మాట్లాడారు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు గాజు సిరంజీలు. కిరోసిన్ స్టవ్వు మీద గిన్నె పెట్టి మరగబెట్టేవాళ్ళం. సూది మొన మొద్దుబారితే రాయి మీద నూరేవాళ్ళం, తాండూరులో రాయికి కొదవా. టీకా మందును ఫ్లాస్కులో ఐసు వేసి తీసుకుపోవాలి. ఐసు సోడా కొట్టువాడు ఇవ్వాలి. అతనికి కోపమొస్తే ఆ రోజు గొర్రెలకు టీకా లేనట్టే, అందుకని అతని బర్రెకు నేను ఇంటికే పోయి వైద్యం చేసేవాణ్ణి. దారిలో ఐసు కరుగుతుంటే నా గుండె కూడా కరిగేది. తర్వాత ఫ్రిజ్ వచ్చింది, వాడి పారేసే సిరంజీలు వచ్చాయి. నేను సంతోషంతో పండగ చేసుకున్నాను. కొత్తది ఏది వచ్చినా ఏడ్చే రకం కాదు నేను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నా మీద కోపమొచ్చినప్పుడు పనికొస్తుంది.

ఆ పల్లెల్లో గొర్రెల కాపరులు చాలామంది. వాళ్ళలో ఒక పెద్దాయన, నేను కాకా అని పిలిచేవాణ్ణి. భుజం మీద నల్ల గొంగడి, చేతిలో కర్ర, మాట తక్కువ. నాకంటే పదిహేనేళ్ళు పెద్దయినా నన్ను సారూ అనేవాడు, నేను ఎంత వద్దన్నా వినేవాడు కాదు. నేను ఆ వైపు కొత్తగా వచ్చిన వారంలో ఆయన మందకు నట్టల మందు తాపాం. వంద గొర్రెలకు మందు తాపడమంటే ఏమిటో తాపినవాళ్ళకే తెలుస్తుంది. దుమ్ము, అరుపులు, ఒంటినిండా మందు. అంతా అయిపోయి నేను చేతులు కడుక్కుంటుంటే కాక ఒక గొర్రెను కాలు పట్టి లాక్కొచ్చాడు.

"దీనికి తాపలే సార్."

"అన్నిటికీ తాపిన కాకా."

"దీనికి తాపలే."

నాకు మండింది. చదువుకున్నవాణ్ణి, ఈయన నాకు చెప్పేదేమిటని గొర్రె నోరు తెరిచి వాసన చూశాను. మందు వాసన లేదు. నాకు ఆ గొర్రెలన్నీ ఒక్కలాగే ఉండేవి, నల్లగా, ఊలుతో, తిక్కగా చూస్తూ. ఆయనకు మాత్రం ఒక్కొక్కటి ఒక్కో మనిషి. ఏది ఎవరి బిడ్డ, ఏది ఎవరి మనవరాలు, ఏది పోయిన వానాకాలం వాగులో కొట్టుకుపోబోయి బతికింది, అన్నీ చెప్పేవాడు. మొహం చూసి చెప్పేవాడు.

ఒక్కటే చెప్పేవాడు కాదు, ఎన్ని ఉన్నాయో. అది వాళ్ళ పద్ధతి. మందను లెక్కపెట్టకూడదు, పెడితే దిష్టి తగులుతుందని. రిజిస్టరులో రాయాలి కదా, ఎన్ని గొర్రెలు కాకా అని అడిగితే, "ఉన్నయి సార్, జర్ర కొన్ని ఉన్నయి" అనేవాడు. గట్టిగా అడిగితే, "నీకు తోచింది రాసుకో" అని నవ్వేవాడు. నాకు తోచిందే రాసేవాణ్ణి. పైఆఫీసువాళ్ళకు అంకె ఉంటే చాలు, అది ఎలా వచ్చిందో ఎవరికీ అక్కర్లేదు. లెక్క లేకపోయినా ఆయన మందలో ఒక్కటి తప్పిపోయేది కాదు. సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి లోపలికి పోయేవాటిని చూసి, "తెల్లమూతిది రాలే" అనేవాడు. కొడుకు వెనక్కి పోతే అది ఏ కంపలోనో ఇరుక్కుని ఉండేది.

ఇట్లా ఏళ్ళు గడిచాయి. డాక్టర్లు మారారు, నేను మారలేదు. చివరికి ఒక డాక్టరమ్మ వచ్చింది, మా అమ్మాయి వయసుది. మంచి పిల్ల. ఎండలో మాతోపాటు తిరిగేది, పేడలో చెయ్యి పెట్టడానికి వెనకాడేది కాదు. ఆమె వచ్చిన ఏడాదికే చెవి ట్యాగులు వచ్చాయి. పసుపు రంగు ప్లాస్టిక్ బిళ్ళలు, ఒక్కోదాని మీద పొడుగాటి నంబరు. ప్రతి గొర్రె చెవికీ ఒకటి గుచ్చాలి, ఆ నంబరు ఎవరి గొర్రెదో ఫోనులో ఎక్కించాలి. ఇక నుంచి బీమా కావాలన్నా, అమ్మాలన్నా, పక్క జిల్లాకు తోలాలన్నా ఆ నంబరే. మాకు ఒక రోజు హాల్లో కూర్చోబెట్టి నేర్పారు. నేను ఫోనులో ఏది ఎక్కడ నొక్కాలో నోటుపుస్తకంలో బొమ్మలు వేసుకుని రాసుకున్నాను. పక్కన కూర్చున్న కుర్రాడు చూసి నవ్వాడు. నవ్వనీ, పరీక్షలో నాదే ముందు అయింది.

ఊళ్ళో వాటిని కమ్మలన్నారు. "మా ఇంటిదానికి చెవులకు లేకపాయె గని గొర్రెలకు కమ్మలొచ్చినయి" అని ఒకాయన అంటే అందరూ నవ్వారు. కాక నవ్వలేదు.

"నా గొర్రెలకు నంబర్లెందుకు సార్? నాకెరికె లేనిది ఏమున్నది?"

"నీకు ఎరికె కాకా. దొంగలెత్తుకపోయి అవుతల అమ్మితే ఆడ ఎవలికి ఎరికె? నంబరుంటే పట్టుకోవచ్చు. ఎవడూ నీవి కావనలేడు."

ఆయన పక్కనున్న గొర్రె చెవి వేళ్ళతో తడిమి చూశాడు. చివరికి, "నీ మాట మీద ఏయిస్తున్న సార్. గా ఫోన్ మీద కాదు" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. అబద్ధమెందుకు, ఛాతీ ఉబ్బింది.

అది కందికోతలైన కాలం. కోసిన చేలల్లో ఎరువు కోసం రైతులు గొర్రెల మందలను నిలిపించుకుంటారు. ఆ రోజు ఒక రైతు చేలో రెండు మందలు కలిసి ఉన్నాయి. ఒకటి కాకది. రెండోది అదే ఊరి పడుచువాడిది. పెళ్ళయి ఇద్దరు పిల్లల తండ్రి, అయినా కాక అతన్ని పిలగాడనే అనేవాడు. రెండు మందలూ ఒక్కచోటే దొరికాయి కదా, ఒక్క పూటలో పని అయిపోతుందని నేను సంబరపడ్డాను.

ట్యాగులు కట్టలుగా వస్తాయి, కట్టకు వంద, నంబర్లు వరసగా. మొదటి కట్ట విప్పి కాక గొర్రెలతో మొదలుపెట్టాను. ఆయనే ఒక్కొక్కదాన్ని వేరుచేసి పట్టి ఇచ్చేవాడు, నేను చెవి కుట్టేవాణ్ణి. కట్ట అయిపోయింది, ఆయన గొర్రెలు అయిపోలేదు. రెండో కట్ట విప్పి అందులోంచి పన్నెండు ఆయన గొర్రెలకే గుచ్చాను. మిగిలిన ఎనభై ఎనిమిదీ పిలగాడి మందకు సరిగ్గా సరిపోయాయి. చేలో ఫోనుకు సిగ్నల్ లేదు. ఊళ్ళోకి పోయి ఎక్కిస్తానన్నాను. డాక్టరమ్మ, కాగితం మీద రాసుకోండి సార్, మరిచిపోతారు అంది. ముప్పై ఏళ్ళ నుంచి రిజిస్టర్లు రాసినవాణ్ణి, నాకు చెప్పాలా అనుకున్నాను. రాసుకోలేదు.

సాయంత్రం తాండూరు స్టేషన్ ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చుని ఫోను తీశాను. రైలుకు అరగంట కూడా లేదు. మొదటి కట్ట నంబర్లన్నీ కాక పేరున ఎక్కించాను. రెండో కట్ట నంబర్లన్నీ పిలగాడి పేరున. కట్టకొక మనిషి. చాయ్ తాగి రైలెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికిందని కూడా గుర్తుంది.

కాక ఎన్ని ఉన్నాయో చెప్పే మనిషైతే ఆ రాత్రికో, మరునాటికో తేడా కనిపించేది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన మంద ఆయన దగ్గరే ఉంది, సాయంత్రం అన్నీ దొడ్డికి వస్తున్నాయి. ఫోనులో ఏముందో ఆయనకు పట్టలేదు.

ఏడాది తిరిగింది. పిలగాడు గొర్రెలు విడిచిపెట్టి తాండూరులో ఆటో నడుపుకుందామనుకున్నాడు. మందంతా ఒక బేరగాడికి అమ్మాడు. బేరగాడు డీసీఎం బండితో వచ్చి ఫోనులో జాబితా చూసి గొర్రెలు ఎక్కించుకుంటుంటే పన్నెండు తక్కువ వచ్చాయి. నంబర్లు వెతుక్కుంటూ పోతే కాక మందలో దొరికాయి. బేరగాడు అవి తనవే అన్నాడు. కాక కర్ర అడ్డం పెట్టి, చెయ్యి వేస్తే ఊరుకోనన్నాడు. పంచాయితీ మా దవాఖానకు వచ్చింది.

ఆ పొద్దున దవాఖాన ముందు యాభై మందైనా ఉన్నారు. పన్నెండు గొర్రెలనూ తాడు కట్టి చెట్టు కింద నిలబెట్టారు. నేను ఆ చెవుల నంబర్లు చూడగానే నాకు రెండో కట్ట గుర్తొచ్చింది. చేలో ఎండ, కట్ట విప్పడం, కాక గొర్రెను పట్టి ఇవ్వడం, అన్నీ. లోపలికి పోయి నీళ్ళు తాగి వచ్చాను.

డాక్టరమ్మ అందరినీ అడిగింది. పిలగాడు తల వంచుకుని, "నేను గొర్రెలను జూసి అమ్మలే మేడం, లిస్టు జూసి అమ్మిన. గా పైసలతోని ఆటో గూడ తెచ్చుకున్న. ఇప్పుడు నాకు గవి కావాలె" అన్నాడు. వాడికి తెలుసు అవి కాకవని. ఊళ్ళో సగం మందికి తెలుసు. కానీ ఫోనులో వాడి పేరుంది.

ఆమె నన్ను పక్కకు పిలిచింది. పిలిచిందే గానీ వరండా ఎంతని, కాక రెండడుగుల దూరంలోనే ఉన్నాడు.

"సార్, ఎంట్రీ మీరే చేశారు. కరెక్టేనా? తప్పయితే చెప్పండి, నేను పైకి రాస్తాను. రాస్తే మీకు మెమో వస్తుంది. రిటైర్‌మెంటుకు మూడు నెలలే ఉంది, ఎంక్వయిరీ అయ్యేదాకా పెన్షన్ ఆపుతారు. అయినా నిజమైతే రాయాల్సిందే."

ఆమె తప్పేం అనలేదు. నోరు తెరిస్తే ఏం రావాలో నాకు తెలుసు. తప్పు నాదమ్మా అని, అంతే. నాకు అప్పుడు ఇంటి మీద అప్పు లేదు, మంచంలో ఎవరూ లేరు. ఏ సాకూ లేదు. భయం, అంతే. ముప్పై ఏళ్ళు డాక్టర్ సారూ అనిపించుకున్నవాణ్ణి యాభై మంది ముందు తెలివితక్కువవాణ్ణి అయిపోతానని భయం. నేను ఫోను బయటికి తీసి అందులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

కాక నా మొహం చూశాడు. ఆయన మొహాలు చదివే మనిషి.

"అమ్మా," అన్నాడు డాక్టరమ్మతో, "సార్ రాసింది తప్పు గాదు. నాకే కండ్లు ఆనుతలేవు. గవి పిలగానియే కావచ్చు."

గొర్రెను మొహం చూసి పోల్చుకోలేనని ఒక కాపరి నలుగురిలో నోటితో అనడమంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. ఆయన కొడుకు, "నాయినా" అని ముందుకొచ్చాడు. కాక చెయ్యెత్తి ఆపాడు. "నాలుగు నెలల సంది ఆనుతలేవు. మీకు జెప్పలే" అన్నాడు.

పన్నెండింటినీ బండి ఎక్కించారు. ఎక్కవు అవి. వెనక్కి తిరిగి కాక వైపే గుంజుతున్నాయి. ఆయన తన గొర్రెలను నాలుక అంగిలికి కొట్టి ఒక రకంగా పిలుస్తాడు. ఆ చప్పుడు ఒక్కసారి చేసి ఉంటే తాళ్ళు తెంపుకుని దూకేవి, ఇక ఎవరి కండ్ల సంగతీ అడగాల్సిన పని ఉండేది కాదు. ఆయన తువ్వాల అంచు నోట్లో కుక్కుకుని బండి మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. నేను వరండాలోనే ఉన్నాను.

మూడు నెలలకు రిటైరయ్యాను. శాలువా కప్పారు. డాక్టరమ్మ నా గురించి మాట్లాడుతూ కొత్త పద్ధతిని ఇంత వయసులో ఇంత శ్రద్ధగా నేర్చుకున్నవాళ్ళు తక్కువ అంది. చప్పట్లు కొట్టారు. నేను ఎక్కడ చూడాలో తెలియక పూలదండ చూసుకున్నాను.

ఆ తర్వాత చాలా రోజులు ఇంట్లో కూర్చుని నా స్నేహితుల దగ్గర ఫోనులను తిట్టాను. పాతకాలమే నయం, మనిషి మాటకు విలువుండేది అని. వాళ్ళు అవునన్నారు. అలా తిడుతున్నంతసేపూ బాగానే ఉండేది. ఫోను ఏం చేసింది? నేను ఎక్కించిందే చూపించింది. ఈ సంగతి నాతో నేను అనుకోవడానికే ఆరు నెలలు పట్టింది.

అనుకున్న వారంలోనే ప్యాసింజరెక్కి తాండూరులో దిగి కాక ఇంటికి పోయాను. సాయంకాలం. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. భుజాన గొంగడి లేదు, చేతిలో కర్ర లేదు. నన్ను అల్లంత దూరం నుంచే చూసి, "రా సార్, చిక్కిపోయినవ్" అన్నాడు.

"మందతోని పోతలేవా కాకా?"

"పోనిస్తలేరు సార్. కండ్లు ఆనవు గదా" అని నవ్వాడు.

అంతలో ఊరి బయట దుమ్ము లేచింది. కొడుకు మందను తోలుకొస్తున్నాడు. గొర్రెలు నాకింకా నల్లటి ముద్దలాగే కనిపిస్తుంటే కాక లేచి నిలబడి, "ఎనక కుడిదిక్కుది కాలు ఎత్తేస్తున్నది. ముల్లు గుచ్చుకున్నది, చూడు సార్" అన్నాడు. పోయి చూశాను. తుమ్మముల్లు, లోపలికంటా దిగి ఉంది. గొర్రెను ఒళ్ళో పెట్టుకుని పీకాను. దాని వెనకే నడిచి వచ్చిన కొడుక్కి ఆ కుంటు కనపడలేదు.

అక్కడే, గొర్రె కాలు చేతిలో ఉండగానే, అతనికి చెప్పేశాను. మీ నాయిన కండ్లకేం కాలేదు, ఆ పన్నెండూ మీవే, రెండో కట్టలోవి, చాయ్ హోటల్లో కూర్చుని నేనే తప్పు ఎక్కించాను, నా పెన్షన్ పోతుందని ఆయన అబద్ధమాడాడు, నేను ఆడనిచ్చాను. అన్నీ చెప్పాను.

అతను నన్ను జాలిగా చూశాడు.

"నాయిన పరేషాన్ల ఉన్నడని గిట్లంటున్నరు గదా సార్. మీ అసొంటి మనిషికి తప్పెట్ల పడ్తది? ఫోన్ల ఉండె, నాయినే అందరి ముందట ఒప్పుకునె. ఇడువుండ్రి."

"తప్పు పడ్డదయ్యా. నేనే చేసిన."

"సరే సార్, సరే" అని నా భుజం తట్టి గొర్రెలను దొడ్డిలోకి తోలాడు.

నేను వచ్చి మంచం మీద కాక పక్కన కూర్చున్నాను. కొడుకుతో నేనన్నదంతా ఆయన విన్నాడు. పైకి రాస్తాను కాకా, డాక్టరమ్మకు ఇప్పుడే పోయి చెప్తాను, కాగితం మీద రాసిస్తాను అన్నాను. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. అమ్ముడుపోయిన గొర్రెలు ఏ కసాయి దగ్గరికో పోయి ఎన్నాళ్ళయిందో, కొత్తగా రాస్తే ఏం వస్తుందని కాబోలు.

"నీ పింఛన్ మంచిగ వస్తున్నదా సార్?" అని అడిగాడు.

"వస్తున్నది కాకా."

"నెల నెల?"

"నెల నెల."

"గింక ఫికరేమున్నది" అని, సారుకు చాయ్ పెట్టమని లోపలికి కేక వేశాడు.